కాదనడం తెలియని త్యూరా

త్యూరా మికెల్‌బోర్ నోట ‘కాదు’ అన్న మాట విన్నవాళ్లు హెస్లెరుప్ ఊళ్లో ఎవరూ లేరు. ‘లేదు’, ‘వద్దు’, ‘కుదరదు’ కూడా అంతే. ఆ మాటలన్నిటినీ ఏ చిన్నతనంలోనో సముద్రపు ఒడ్డున గులకరాళ్లలా నీళ్లలోకి విసిరేసి, తేలికపడ్డ జేబులతో ఇంటికి నడిచొచ్చినట్టు ఉండేది ఆవిడ, డెబ్బై మూడేళ్ల వయసులో కూడా.

ఆస్పత్రిలో కొత్త డాక్టరు, పొగ తాగుతారా అని అడిగాడు. “మా ఆయన తాగే రోజుల్లో పక్కన కూర్చునేదాన్ని. వాసన బాగుండేది,” అంది. డాక్టరు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించి ఏదో రాసుకున్నాడు. చర్చికి కొత్తగా వచ్చిన పాదిరి పలకరింపుగా ఇంటికెళ్లి, మీవారు ఉన్నారా అని అడిగితే, “ఉన్నారు. చర్చి వెనక మూడో వరసలో, ఎండ బాగా తగిలే చోట,” అంది. పాదిరి తిరిగి వెళ్లి చర్చి వెనకంతా వెతికాడట. రాతి మీద పేరు చూశాకగాని విషయం బోధపడలేదు.

దుమ్ము పీల్చే యంత్రం అమ్మడానికి ఓడెన్సె పట్నం నుంచి వచ్చినవాడి కథ ఇంకా బాగుంటుంది. ఆవిడ దగ్గర అప్పటికే ఒక యంత్రం ఉంది. కానీ ఆ సంగతి చెప్పాలంటే ‘అక్కర్లేదు’ అనాలి. అందుకని అతన్ని లోపలికి పిలిచి కాఫీ పోసింది. అతను ఇల్లంతా శుభ్రం చేసి చూపించాడు. మెట్లు, పరుపులు, కర్టెన్లు, పక్కింటివాళ్ల గుమ్మం. చక్కెర పాకం పోసిన కేకు నాలుగు ముక్కలు తిని, సోఫాలో కునుకు తీసి, సాయంత్రం తన యంత్రం తాను మోసుకుని సంతోషంగా వెళ్లిపోయాడు. ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ ఆవిడకు కార్డు పంపుతాడు.

ఈ అలవాటు ఊరందరికీ ముద్దు. ఒక్క ట్రూల్స్ రావ్న్‌హోల్ట్‌కి మాత్రం ఒంటికి పడేది కాదు.

ట్రూల్స్‌కి నలభై ఎనిమిదేళ్లు. అందులో పదిహేడేళ్లు కోపెన్‌హాగెన్‌లో ఇతరుల నోళ్లకు మాటలు రాసిపెట్టాడు. వనస్పతి డబ్బాలకు రాశాడు, బీమా కంపెనీలకు రాశాడు, ఇద్దరు మంత్రులకు రాశాడు. అందులో ఒక మంత్రి చేత మూడే మూడు మాటల్లో క్షమాపణ చెప్పించి ఆయన పదవి నిలబెట్టాడు. అంతటివాడు మూడేళ్ల కిందట సొంత ఊరికి తిరిగొస్తే, బజారులో జనం అతన్ని దాటుకుని వెళ్లి త్యూరాని పలకరించేవాళ్లు. పోస్టుమేన్ కుక్క కూడా అతని బూట్లు వాసన చూసి, వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర పడుకునేది. ఈత హాలుకి వెళ్లొచ్చిన ఒంటికి క్లోరిన్ వాసన పట్టుకున్నట్టు ఒక అసూయ అతన్ని పట్టుకుంది. ఎంత రుద్దుకున్నా సాయంత్రానికి మళ్లీ సన్నగా తెలిసేది.

ఈత హాలంటే గుర్తొచ్చింది, గొడవంతా దాని గురించే. యాభై ఏళ్ల పాత కట్టడం. పైకప్పు మూడు చోట్ల కారుతుంది. మున్సిపాలిటీ దాన్ని మూసేయాలని చూస్తోంది. నవంబరులో ఎన్నికలు. మూయనివ్వకూడదని ఊళ్లోవాళ్లు తొమ్మిదిమంది కలిసి ‘ఈత హాలు జాబితా’ అని సొంతంగా ఒక జట్టు కట్టి పోటీకి దిగారు. ఒక్క సీటు గెలిచినా హాలు బతుకుతుందని వాళ్ల లెక్క. పశువుల డాక్టరు హోల్గర్ జట్టుకు పెద్ద. ట్రూల్స్ ప్రచారానికి పెద్ద. త్యూరా ఆ హాల్లోనే ముప్పై నాలుగేళ్లు పిల్లలకు ఈత నేర్పింది. పదవీ విరమణ అయ్యాక కూడా ప్రతి మంగళవారం పదింటికి, వృద్ధుల ఆశ్రమం వాళ్లను వేడినీళ్ల కొలనులోకి దింపి ఆడిస్తుంది. పోటీ చేస్తారా అని హోల్గర్ అడిగినప్పుడు ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూసి, “ఫొటోకి ఏ స్వెటర్ వేసుకోను?” అంది. అలా అభ్యర్థి అయిపోయింది.

తీరా చూస్తే ఫొటోకి స్వెటర్ అవసరమే పడలేదు. తొమ్మిదిమందినీ నడుములోతు నీళ్లలో నిలబెట్టి తీయాలని హోల్గర్ అంతకుముందే అన్నాడు. నిజానికి ఆ తొమ్మిదో చోటు ట్రూల్స్‌దే. కానీ నీళ్లనగానే అతనికి చెవి నొప్పి గుర్తొచ్చింది. పాత నొప్పి, చిన్నప్పటిది, నీళ్లు తగలకూడదు. అందుకే ఆ చోటు త్యూరాకి వెళ్లింది. హాలు కాపాడటానికి రాత్రింబవళ్లు పనిచేసిన ట్రూల్స్, మూడేళ్లలో ఒక్కసారి కూడా కొలను గట్టు దాకా రాలేదు. కోటు వేసుకుని అద్దం గోడకు ఇవతల, కాంటీనులో కూర్చుని రాసుకునేవాడు. ఎవరైనా అడిగితే చెవి చూపించేవాడు.

పోస్టర్లు కట్టే శనివారం ఊరు ఊరంతా నిచ్చెనలతో వీధుల్లోకి వస్తుంది. పన్నెండు కొట్టేదాకా కట్టకూడదు. చర్చి గంట మొదటి దెబ్బకి అందరూ ఒక్కసారి నిచ్చెనలెక్కి, దొరికిన స్తంభానికల్లా పోస్టర్లు బిగిస్తారు. ట్రూల్స్ ఆరు వారాలు కష్టపడి కనిపెట్టిన మాట ‘ఊరికి ఊపిరి’. దాన్ని స్తంభానికి కట్టి, రెండడుగులు కిందికి దిగి, తన అక్షరాలను తానే ప్రేమగా చూసుకుంటుండగా ఎదురుగా ఉన్న స్తంభం మీద ఇంకో పోస్టరు లేచింది. తెల్లటి కాగితం, ఒక ముసలి చెయ్యి, దాని కింద రెండే మాటలు.

‘నీళ్లా? పెద్దవాళ్లా?’

అది బ్యార్కె స్టేన్‌వాంగ్ పోస్టరు. బ్యార్కెకి మేయర్ కావాలని కోరిక. పళ్లు తెల్లగా ఉంటాయి, మాట నెమ్మదిగా ఉంటుంది. హాలు మీద పెట్టే ప్రతిదీ ముసలివాళ్ల నోటి దగ్గర తీసిందే అని ఆ రెండు మాటల భావం. నిచ్చెన మీద నిలబడ్డ ట్రూల్స్‌కి ముందు కోపం రావాలి, భయం రావాలి. కానీ అతనికి వచ్చింది అసూయ. ఇంత చక్కటి మాట నాకెందుకు తట్టలేదు అని, నిచ్చెన పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

మొదటి వారం జనం ఆ పోస్టరు చూసి నవ్వుకున్నారు. రెండో వారం దాని గురించి మాట్లాడుకున్నారు. మూడో వారం పొద్దున, రొట్టెల దుకాణం కార్లా నల్లటి రై ధాన్యపు రొట్టెను కాగితంలో చుట్టి అందిస్తూ, నిట్టూర్చి, ఏం చేస్తాం, ఏదో ఒకటి ఎంచుకోవాలి కదా అంది. కార్లా పాతికేళ్లుగా ప్రతి ఉదయం ఆ హాల్లో ఈదే మనిషి. ట్రూల్స్ చేతిలో రొట్టె బరువెక్కింది.

“ఎంచుకోవాలని ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరో చెప్పేదేముంది? ప్రతి స్తంభం మీదా రాసుందిగా.”

ట్రూల్స్ ఆ రోజే జవాబు తయారు చేశాడు. నాలుగు వందల కొత్త పోస్టర్లు. ‘నీళ్లా? పెద్దవాళ్లా?’ అని పైన పెద్దగా, దాని కింద చిన్న అక్షరాల్లో ‘కాదు, ఇది తప్పుడు ప్రశ్న’ అని, పదకొండు రుజువులు. ప్రతి అబద్ధం పక్కనే నిజం నిలబడాలని, వాటిని బ్యార్కె పోస్టర్లకు సరిగ్గా కింద కట్టించాడు. నవంబరు పొగమంచులో సైకిలు మీద వెళ్లేవాడికి పెద్ద అక్షరాలు తప్ప ఏవీ కనపడవన్న సంగతి అతనికి తట్టలేదు. నాలుగు వందల స్తంభాల మీద ఒకసారి అడిగిన ప్రశ్న ఇప్పుడు ప్రతి స్తంభం మీదా రెండుసార్లు అడిగినట్టయింది. బస్టాపులో ఒక పెద్దాయన ట్రూల్స్ భుజం తట్టి అభినందించాడు.

“మంచి పని చేశారయ్యా. మీరూ బ్యార్కే కలిసిపోయారటగా.”

గురువారం సాయంత్రం కాంటీనులో జట్టు సమావేశం. అందరూ తలలు దించుకుని కేకు తింటున్నారు. కేకు త్యూరా తెచ్చిందే. కొత్త పోస్టరు ఎలా ఉందో చెప్పమని హోల్గర్ ఆవిడనే అడిగాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పోస్టరు అటూ ఇటూ తిప్పి చూసింది.

“అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.”

“అంటే బాగాలేదనా మీ ఉద్దేశం?” అన్నాడు ట్రూల్స్.

“కేకు తీసుకో నాయనా. అంచు ముక్క నీకోసమే ఉంచాను.”

అతను తిన్నాడు. కేకు బాగుంది. అదీ అతనికి కష్టంగానే ఉంది.

శనివారం సంతలో పార్టీలన్నీ పక్కపక్కనే బల్లలు వేసుకుంటాయి. ఎవరు ఏమడిగితే ఏం చెప్పాలో ట్రూల్స్ మూడు పేజీల్లో రాసి ఒక్కో అభ్యర్థికీ ఇచ్చాడు. త్యూరా ఆ కాగితాలను శ్రద్ధగా నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది. బల్ల నిలబడింది. దాని మీద ఫ్లాస్కు పెట్టి వచ్చినవాళ్లకు కాఫీ పోయడం మొదలుపెట్టింది. ఒకావిడ కోపంగా వచ్చి, నీళ్లకే అంతా తగలేస్తే ఆశ్రమంలో మా అమ్మను ఎవరు చూస్తారని నిలదీసింది. ట్రూల్స్ చెవులు నిక్కించాడు. నాలుగో రుజువు సరిగ్గా ఈ ప్రశ్నకే రాశాడు.

“మీ అమ్మ పేరేమిటమ్మా?” అంది త్యూరా.

అమ్మ పేరు బెనెడిక్టె. ఆ పేరు వినగానే త్యూరా మొహం విప్పారింది. ఆ బెనెడిక్టే కదా, తుఫాను వచ్చిన ఏడాది పందెంలో వెల్లకిలా ఈది గెలిచింది, ఆ ఎర్ర టోపీ అమ్మాయి. మంగళవారం పదింటికి తీసుకురమ్మంది, నీళ్లు పాలలా గోరువెచ్చగా ఉంటాయంది. కోపంగా వచ్చినావిడ రెండు కప్పుల కాఫీ తాగి, వాళ్లమ్మ చిన్నప్పటి కబుర్లు విని, ముక్కు తుడుచుకుంటూ వెళ్లింది.

“మీరు ఆవిడ ప్రశ్నకి జవాబే చెప్పలేదు,” అన్నాడు ట్రూల్స్, పళ్లు బిగించి.

“అవును. కాఫీ ఇచ్చాను.”

స్థానిక పత్రికవాడు వచ్చి ఆవిడ ఫొటో తీసుకున్నాడు. ఫొటో మూలలో ట్రూల్స్ మోచెయ్యి పడింది. ఆ రాత్రి అతను ఆ మోచేతిని చాలాసేపు చూసుకున్నాడు.

ఎన్నికకు ముందు మంగళవారం, కాంటీనులో ఎప్పటి కుర్చీలోనే కూర్చుని రాసుకుంటూ, ట్రూల్స్ యథాలాపంగా తలెత్తాడు. అద్దానికి అవతల ఆవిరి. ఆవిరిలో పసుపుపచ్చ రబ్బరు టోపీలు, చెరువులో ఎవరో వదిలిన చిన్న చిన్న సూర్యుళ్లలా తేలుతున్నాయి. వాటిలో ఒక టోపీ కింద ఉన్న మొహం అతనికి తెలుసు. ఆంకర్ స్టేన్‌వాంగ్. బ్యార్కె తండ్రి. ఒకప్పుడు ఈ హాల్లోనే నీళ్ల యంత్రాలు చూసుకున్న మనిషి, ఇప్పుడు ఆశ్రమంలో ఉంటున్నాడు. నీళ్లా పెద్దవాళ్లా అని ఊరంతా పోస్టర్లు కట్టిన కొడుక్కి తెలియకుండా, సొంత తండ్రి ఆ నీళ్లలోనే వెల్లకిలా తేలుతూ పైకప్పుకేసి నవ్వుతున్నాడు.

ట్రూల్స్ కలం పక్కన పడేసి లేచాడు. పదిహేడేళ్లలో ఇంత మంచి మందుగుండు చేతికి దొరకలేదు. త్యూరా తువ్వాలు కప్పుకుని బయటికి రాగానే పట్టుకున్నాడు. ఆదివారం అభ్యర్థుల సభలో ఈ ఒక్క ముక్క చెబితే చాలని, బ్యార్కె తలెత్తుకోలేడని, ఎలా చెప్పాలో కూడా తానే రాసిస్తానని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

ఆవిడ చెవిలో నీళ్లు దులుపుకుంటూ విన్నది. “ఆంకర్ మోకాలు కాస్త సర్దుకుంటోంది. అది ఆయన కబురు. ఆయనే చెప్పుకుంటాడు,” అంది.

“త్యూరా గారూ, హాలు మూసేస్తారండీ. అర్థమవుతోందా మీకు?”

“అర్థమవుతోంది నాయనా. నీ కాఫీ చల్లారుతోంది.”

ఆదివారం నాటికి హోల్గర్ గొంతు పూర్తిగా పోయింది. ఆవులతో మాట్లాడి మాట్లాడి అని ఊళ్లోవాళ్లు అన్నారు. జట్టు తరఫున వేదిక ఎక్కాలంటే అభ్యర్థి అయి ఉండాలి. తొమ్మిదో పేరు తనదై ఉంటే ఆ వేదిక మీద తాను ఉండేవాడు. ఆ ఆలోచన ట్రూల్స్‌ని లోపల గిల్లుతూనే ఉంది. జట్టంతా ఒక్క గొంతుతో త్యూరా పేరు చెప్పింది. ట్రూల్స్ ఏడు జవాబులు ఒక గట్టి అట్ట మీద రాసిచ్చాడు. ఏడోది ఆంకర్ గురించి. అది చెప్పాలో మానాలో మీ ఇష్టం, కానీ హాలు బతుకు మీ చేతిలో ఉంది అని దాని కింద గీత గీశాడు.

బడి హాలు కిక్కిరిసింది. ముందు వరసలో ఆశ్రమం వాళ్లు, వాళ్ల వెనక ఎటూ తేల్చుకోని ఊరు. బ్యార్కె లేచి నెమ్మదిగా, అందంగా అడిగాడు.

“త్యూరా గారూ, మీరంటే మాకందరికీ గౌరవం. మా చెల్లికి ఈత నేర్పింది మీరే. ఒక్క మాటలో చెప్పండి. నీళ్లా? పెద్దవాళ్లా?”

త్యూరా చేతిసంచి తెరిచింది. అట్ట తీస్తుందనుకుని ట్రూల్స్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఆవిడ ఒక పసుపుపచ్చ టోపీ తీసింది.

“మంగళవారం పదింటికి వేడినీళ్ల కొలను తలుపు తీస్తాను. పోయినసారి పంతొమ్మిదిమంది వచ్చారు. అందరిలోకీ చిన్నవాడికి డెబ్బై ఎనిమిది. ఇంకో నలుగురికి చోటుంది. టోపీలు నా దగ్గరున్నాయి.”

అని కూర్చుంది.

బ్యార్కె మర్యాదగా నవ్వాడు. “మీరు నా ప్రశ్నకి జవాబు చెప్పలేదండీ.”

“తువ్వాలు మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి,” అంది త్యూరా.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ముందు వరసలో ఒక ముసలమ్మ చెయ్యెత్తి, ఆశ్రమం నుంచి బస్సు ఉందా అని అడిగింది. ఇంకొకాయన, తలకు పెద్ద సైజు టోపీ దొరుకుతుందా అన్నాడు. మోకాళ్లు మార్చుకున్నవాళ్లు దిగొచ్చా, గుండెకి మంచిదేనా, ఆడా మగా కలిసేనా. సభలో మిగిలిన అరగంటా టోపీల సైజుల మీద నడిచింది. బ్యార్కె తన రెండు మాటల్నీ మళ్లీ లోపల దూర్చడానికి సందు దొరక్క, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ట్రూల్స్ మాత్రం వేదిక మీద త్యూరా బల్లనే చూస్తున్నాడు. దాని ఎడమ కాలి కింద, నాలుగు మడతలుగా, గట్టి అట్ట.

బల్ల అస్సలు కదలడం లేదు.

ఆ ఊళ్లో ఓట్లు వేసేది ఈత హాలును ఆనుకున్న ఆటల హాల్లో. ఓటర్ల వరస వేడినీళ్ల కొలను అద్దం గోడ పక్కనుంచే సాగాలి. ఎన్నిక కూడా మంగళవారమే. పది కావస్తుండగా ఎన్నికల అధికారి పరుగున వచ్చి, ఇవాళ ఇక్కడ ప్రచారం నిషేధం కదా, ఈ టోపీలేమిటని త్యూరాని అడిగాడు.

“ఇది మంగళవారం,” అంది ఆవిడ.

అధికారి గోడ మీద బోర్డు చూశాడు. ‘మంగళవారం, పది గంటలు’ అని ఎనిమిదేళ్ల కిందటి రంగులో రాసుంది. నిబంధనల పుస్తకం తిరగేశాడు. మంగళవారానికి విరుద్ధంగా అందులో ఏమీ దొరకలేదు.

ఆ రోజు కొలనులో ఇరవై మూడు టోపీలు తేలాయి. వరసలో నిలబడ్డ ఊరు అద్దంలోంచి చూస్తూ, మెల్లగా ముందుకు కదులుతూ ఉంది. ఎవరూ ఏ నినాదమూ అనలేదు. రొట్టెల కార్లా ఒక్కతే నోరు తెరిచింది.

“ఆ కాళ్లాడిస్తున్నది మా అత్తగారేనా? ఇంట్లో కుర్చీలోంచి లేవలేనంటుందే.”

“నీళ్లలో కుర్చీలుండవు కదా,” అన్నాడు వెనకవాడు. వరసంతా నవ్వింది.

అంతలో బ్యార్కె వచ్చాడు, పక్కన పత్రిక ఫొటోగ్రాఫరుతో. లోపల ఒక పసుపు టోపీ కొడుకుని చూసి ఉత్సాహంగా చెయ్యి ఊపింది. ఆంకర్‌కి చెవుడు, అందుకని గొంతు పెద్దది. “ఒరే బ్యార్కె, తువ్వాలు మర్చిపోయానురా,” అన్న కేక అద్దం దాటి వచ్చింది.

బ్యార్కె మొహంలో రంగు పోయింది. ఫొటోగ్రాఫరు ఇంకా కెమెరా సరిచేసుకుంటున్నాడు, అతనికి విషయం అందలేదు. అందినవాడు, వరసలోనే నిలబడ్డ ట్రూల్స్. అతని ఫోను అప్పటికే చేతిలో ఉంది. కొలనులో తండ్రి, గుమ్మంలో కొడుకు. ఒక్క ఫొటో. మధ్యాహ్నానికి ఊరంతా చూస్తుంది. త్యూరా కాదు, ట్రూల్స్ హాలును కాపాడాడని అంటారు. పదిహేడేళ్ల విద్య వచ్చి వేలి కొస మీద నిలబడింది.

నీళ్లోడుతూ త్యూరా బయటికొచ్చింది. కాంటీను బల్ల మీది కేకు పళ్లెం ఎత్తి ఫొటోగ్రాఫరు రెండు చేతుల్లో పెట్టి, “గట్టిగా పట్టుకో బాబూ,” అంది. తర్వాత ఒక మడత తువ్వాలు ట్రూల్స్ ముందుకు చాపింది. “ట్రూల్స్, ఇది ఆంకర్‌కి అందించి రా నాయనా.”

ఫోను మానుకోమని ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాదించేవాడు. వాదించడంలో అతన్ని మించినవాడు ఆ ఊళ్లో లేడు. చాపిన తువ్వాలుతో మాత్రం ఎలా వాదించాలో అతనికి తెలియలేదు. ఫోను జేబులో పడింది. తువ్వాలు పట్టుకుని అద్దం తలుపు తోశాడు. నలభై ఏళ్ల తర్వాత మొదటిసారి అతని బూట్లు తడి గచ్చు మీద పడ్డాయి. వెనకాలే బ్యార్కె కూడా వచ్చి, తువ్వాలు అందుకుని తండ్రి భుజాలకు చుట్టాడు.

ఆంకర్ ట్రూల్స్‌ని ఎగాదిగా చూశాడు. “నువ్వు హెడ్మాస్టరు గారి అబ్బాయివి కదూ. గట్టు పట్టుకునేవాడివి.”

ట్రూల్స్ చెవులు ఎర్రబడ్డాయి. నొప్పి ఉన్నదీ, లేనిదీ.

సంగతేమిటంటే, ట్రూల్స్‌కి ఈత రాదు. ఎప్పుడూ రాలేదు. ఏడేళ్ల వయసులో ఒక చలికాలమంతా ఈ కొలను గట్టు పట్టుకుని వేలాడాడు, వేళ్లు విడదీయడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. ఆ మాట ఎవరికీ గుర్తు లేదని, తండ్రికైతే అసలే తెలియదని ఇన్నాళ్లూ అనుకున్నాడు. తండ్రి మాత్రం, మావాడు చేప అని ఊరంతా చెప్పుకునేవాడు.

“మీ నాన్న ప్రతి శుక్రవారం వచ్చి అడిగేవాడు, మావాడు ఎలా ఈదుతున్నాడని,” అన్నాడు ఆంకర్, తల తుడుచుకుంటూ. “త్యూరా ఏమనేదో తెలుసా? ‘అందరికన్నా ముందొస్తాడు, అందరికన్నా చివర వెళతాడు’ అనేది. నిజమే కదా, గట్టు వదిలితే కదా నువ్వు వెళ్లేది. మీ నాన్న పొంగిపోయేవాడు. ఆవిడ హాజరు పుస్తకాలు యంత్రాల గదిలో నేనే దాచాను. ఇప్పటికీ ఉంటాయి, చూసుకో.”

ఆ సాయంత్రం ఓట్లు లెక్కపెట్టారు. బ్యార్కె జట్టుకు మెజారిటీ ఒక్క సీటు దూరంలో ఆగిపోయింది. ఈత హాలు జాబితాకు వచ్చింది సరిగ్గా ఒక్క సీటు, అదీ తొమ్మిదో పేరుకి, అంటే త్యూరాకి. మేయర్‌గా నన్ను బలపరుస్తారా అని బ్యార్కె అడిగితే, “మంగళవారం పదింటికి రా బాబూ, మాట్లాడుకుందాం,” అందిట. హాలు మూసే ఆలోచన మానేశామని అతను మంగళవారం దాకా ఆగకుండానే ప్రకటించాడు. నినాదం లేకుండా గెలిచిన ప్రచారమని పత్రిక రాసింది. ఆ మాట చదివి ట్రూల్స్‌కి మళ్లీ ఆ పాత క్లోరిన్ వాసన తగిలింది. కానీ దాని కిందే ఇంకో వాక్యం ఉంది. మీ వెనక ఎవరున్నారని విలేఖరి అడిగితే త్యూరా చెప్పిన జవాబు.

“ట్రూల్స్. ఆ అబ్బాయి కాగితాలే మమ్మల్ని నిలబెట్టాయి.”

ఎన్నికలయ్యాక ఎనిమిది రోజుల్లో పోస్టర్లు తీసేయాలి. తమవి, పాతవీ కొత్తవీ కలిపి ఎనిమిది వందలూ తీసి, నిచ్చెన తిరిగి ఇవ్వడానికి హాలుకి వెళ్లిన ట్రూల్స్, ఎవరూ చూడకుండా యంత్రాల గదిలో దూరాడు. పుస్తకం దొరికింది. నీలి అట్ట, చెమ్మకు ఉబ్బిన పేజీలు. ఈత రాని పిల్లలకు ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేసి ఉంటుందనుకున్నాడు. ఏ పేరూ ఖాళీగా లేదు. ‘ఎల్సె: నీళ్లతో కబుర్లు చెబుతోంది.’ ‘పౌల్: ఒక కాలు నేల మీద, ఒక కాలు ధైర్యం మీద.’ వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్లి తన పేరు దగ్గర ఆగాడు.

‘ట్రూల్స్: గట్టు పట్టుకోవడంలో ఈ ఏడాది తరగతికి ప్రథముడు.’

మొదట ఆ అక్షరాలకేసి ముఖం ముడుచుకుని చూశాడు. తర్వాత యంత్రాల మోతలో, ఒక్కడే, పగలబడి నవ్వాడు. ఎవరి మీదా అసూయపడాల్సిన పని లేని మొదటి స్థానం అతనికి నలభై ఒక్క ఏళ్లుగా ఉందన్నమాట.

తర్వాతి మంగళవారం ఇరవై నాలుగో టోపీ తేలింది. తేలిందనడం ఎక్కువ, గట్టుకి అతుక్కుంది. చెవి నొప్పి తగ్గిందా అని కార్లా అత్తగారు అడిగితే, ట్రూల్స్ నోరు తెరిచేలోగా త్యూరా అందుకుని, “బాగా వినిపిస్తోంది,” అంది. ఎప్పటిలాగే పైకప్పు మూడు చోట్ల కారుతోంది. ఒక్కో చుక్కా నీళ్లలో పడి, గుండ్రంగా విచ్చుకుని, అతని గడ్డం దాకా వచ్చి మాయమవుతోంది. పక్కనే ఆంకర్ వచ్చి గట్టు పట్టుకున్నాడు, గట్టిగా, రెండు చేతులతో, అనుభవజ్ఞుడిలా. ట్రూల్స్ ఓరకంట చూశాడు. తన పట్టు ఇంకాస్త బిగించాడు.

త్యూరా దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. అతని వీపు కింద అరచెయ్యి పెట్టి, “ఒక చెయ్యి వదులుతావా నాయనా?” అంది.

పదిహేడేళ్లు మంత్రులకు మాటలు రాసిన మనిషి చాలాసేపు ఆలోచించాడు.

“పైకప్పు చాలా బాగుందండీ, త్యూరా గారూ,” అన్నాడు.